లైన్లో లొరెట్టా

ఆ ఏడు ఆగస్టు చివర్లో డాక్టరు నా గొంతులోంచి శనగగింజంత కండ కోసి తీశాడు. నెల రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నాడు. గుసగుసలు కూడా పనికిరావన్నాడు. అమెరికన్ ఫుట్‌బాల్ సీజను మొదలవడానికి అప్పటికి సరిగ్గా తొమ్మిది రోజులుంది.

"ఇన్నాళ్లూ అరిచి అరిచి తెచ్చుకున్నావు. ఇప్పుడు అనుభవించు," అంది నా భార్య లొరెట్టా, కారులో నాకు సీటు బెల్టు పెడుతూ. కోపంగా అనలేదు. ఆస్పత్రిలో మూడు గంటలు కూర్చుని ఏడ్చిన కళ్లతో అంది.

నేను అరిచింది ఇంట్లో కాదు, రేడియోలో. మా ఊరు బఫెలోలో డచ్ హాన్రహాన్ సాయంత్రం షో వినేవాళ్లెవరినడిగినా లాకవానా లెన్ గురించి చెప్తారు. లాకవానా మేముండే పేట, ఆ లెన్ నేనే. రొట్టెల వ్యాను తోలే లెనార్డ్ వొయ్టాసిక్ ఎవరో మా వీధి చివరివాళ్లకు కూడా తెలియదు. కానీ మంగళవారం నాలుగు దాటాక "లాకవానా లెన్, లైన్లో ఉన్నావు, కానియ్" అని డచ్ అనగానే బార్లలో టీవీ సౌండు తగ్గించేవారు. పందొమ్మిదేళ్లు అలా గడిచాయి.

మా ఊళ్లో ఆటల గురించి మాట్లాడే షోలు పొద్దున లేచింది మొదలు ఉంటాయి. డచ్‌ది తప్ప మిగతావేవీ నాకు కిట్టవు. పొద్దున్నే వచ్చే ఇద్దరు తమ జోకులకు తామే నవ్వుకుంటారు. జట్టు చిత్తుగా ఓడిన మర్నాడు కూడా అదే నవ్వు. మధ్యాహ్నం వచ్చేవాడు ఒకప్పటి ఆటగాడు. పాత స్నేహితులెవరికీ నొప్పి తగలకుండా మూడు గంటలు మాట్లాడి, ఏమీ చెప్పకుండా వెళ్లిపోతాడు. డచ్ అలా కాదు. కసురుతాడు, ఎగతాళి చేస్తాడు, నచ్చకపోతే మాట మధ్యలోనే ఫోను కట్ చేస్తాడు. కానీ వింటాడు. ఆయన నిజంగా వింటున్నప్పుడు అవతల కుర్చీ కిర్రుమనడం ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం కోసమే నేనన్నేళ్లు ఫోను చేశాను. ఎప్పటికైనా శనివారం పొద్దున ఒక గంట నాకే ఇచ్చేస్తారని ఆశ కూడా ఉండేది. ఆ ఆశ లొరెట్టాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మొదటి ఆట సొంత మైదానంలోనే ఓడిపోయాం. ఆఖరి నిమిషంలో మా కిక్కరు తన్నిన బంతి స్తంభాల మధ్య నుంచి కాకుండా అడుగు దూరంలో బయటికి పోయింది. మంగళవారానికి నా దగ్గర నాలుగు కాగితాల నిండా మాటలున్నాయి. నోట్లోంచి మాత్రం ఒక్కటి బయటికి రాకూడదు. వంటింట్లో అటూ ఇటూ తిరుగుతుంటే లొరెట్టా స్కూలు బస్సు డ్యూటీ ముగించుకుని వచ్చింది.

"కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు?"

కాగితాలూ ఫోనూ ఆవిడ ముందుకు తోశాను.

"నేనా! ఆ ఆటలో నాకు ఓనమాలు కూడా రావు లెన్."

చదివితే చాలు, అని రాసి చూపించాను.

"చదివేసి పెట్టేస్తా. నన్నెవరూ ఏమీ అడక్కూడదు మరి," అంది.

నాకూ వినపడేలా స్పీకరు పెట్టి ఫోను చేసింది. రేడియో స్టేషన్లో ఫోన్లెత్తి కలిపేది బెర్నడెట్. ఆవిడ ఆశ్చర్యపోయి, వెంటనే కలిపింది.

"లెన్ నంబరు నుంచి ఆడగొంతు వస్తోందేంటి? ఎవరండీ మీరు?" అన్నాడు డచ్.

"లెన్ భార్యని. ఆయనకు గొంతు ఆపరేషనయింది. మాట్లాడకూడదు. ఆయన రాసింది చదువుతా."

"లెన్ మాట్లాడకూడదా! ఈ ఊరికి ఇంత మంచి రోజొస్తుందని ఎవరనుకున్నారు!"

లొరెట్టా నవ్వలేదు. కళ్లజోడు సర్దుకుని, స్కూల్లో సర్క్యులరు చదివినట్టు నా మాటలు చదివింది. నేను ఉరుములా ఉరమాలని రాసుకున్న వాక్యాలు ఆవిడ నోట్లో చప్పిడి పప్పులా వచ్చాయి. ఆ కిక్కరును ఇవాళే ఇంటికి పంపేయాలన్నది ఆఖరి వాక్యం. అది చదివి, కాగితం కింద పెట్టి ఆగింది.

"అయిపోయిందండీ. కానీ..."

ఫోను పెట్టెయ్యమని చేతులూపాను. ఆవిడ నావైపు చూడలేదు.

"కానీ ఏంటి మేడమ్?"

"ఇరవై రెండేళ్లుగా స్కూలు బస్సు తోలుతున్నా. అద్దంలో పిల్లల మొహాలు చూడడమే నా పని. ఆదివారం మా ఆయన టీవీ పెడితే నేనూ కాస్త చూశా. ఆ కిక్కరబ్బాయి తన్నే ముందు స్తంభాలవైపు చూడలేదండీ. కోచ్ వైపు చూశాడు. మా బస్సులో ఎవరైనా చేసే పని ఆపి ముందు నా మొహం చూశారంటే, అంతకుముందే వాళ్లని ఎవరో గట్టిగా కసిరారన్నమాట. ఈ అబ్బాయిని పంపేస్తే ఇంకొకడొస్తాడు. వాడూ అటే చూస్తాడు."

కుర్చీ కిర్రుమనడం ఆగిపోయింది. నాకు స్పష్టంగా తెలిసింది. పందొమ్మిదేళ్లలో నాకు ఏ పది పన్నెండు సార్లో దక్కిన ఆ నిశ్శబ్దం, ఆవిడకు మొదటి రోజే, అడక్కుండానే దక్కింది.

"మీ పేరేంటి మేడమ్?" అన్నాడు డచ్, చాలా మర్యాదగా. నా పేరు ఆయన నాలుగో ఏడాది దాకా సరిగ్గా పలకలేదు.

తర్వాతి ఆదివారం టీవీవాళ్లు కెమెరాను నేరుగా కిక్కరు మొహం మీద పెట్టారు. వాడు కోచ్ వైపు చూశాడు. తన్నాడు. బంతి మళ్లీ బయటికే పోయింది. ఊరు ఊరంతా ఒక్కసారి "లొరెట్టా!" అని ఉంటుంది.

సోమవారం పొద్దున నార్బ్ బారుకు రొట్టెలు దించడానికి వెళ్లాను. ఉప్పురాళ్లూ సోపుగింజలూ అద్దిన ఆ గుండ్రటి రొట్టెల్లో మాంసం పెట్టి అమ్మడంలో నార్బ్‌ను మించినవాడు లేడు. నోరు పారేసుకోవడంలో కూడా లేడు.

"ఒరేయ్ లెన్! మీ ఆవిడ అదరగొట్టేసిందిరా! ఇన్నేళ్లూ ఆవిణ్ని ఇంట్లో దాచిపెట్టి నువ్వెందుకురా ఫోను చేసి మా ప్రాణాలు తోడావు?"

జేబులోంచి కాగితం తీసి రాసిచ్చాను: ఆట గురించి ఆవిడకేం తెలుసు?

నార్బ్ దాన్ని పైకి చదివి వినిపించాడు. బారంతా గొల్లున నవ్వింది. నేను జోకు వేశాననుకున్నారు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం ఆవిడే మాట్లాడింది. మొదట్లో నా కాగితం మొత్తం చదివేది. తర్వాత సగం. సెప్టెంబరు ఆఖరికి, "లెన్ ఏదో రాశాడు, అది పక్కన పెడితే..." అని మొదలుపెట్టేది. ఆదివారాలు ఆవిడ కూడా సోఫాలో నా పక్కన ముందుకు వంగి కూర్చోవడం నేర్చింది. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఆ మూలనున్న కుర్చీలో కూర్చుని లాటరీ టికెట్లు గీక్కునే మనిషి, ఇప్పుడు నన్ను ప్రశ్నలడిగేది.

"బంతి నేలకు తగిలాక పట్టుకున్నా లెక్కేనా లెన్?"

లెక్క కాదు. నాకు బాగా తెలుసు. అయినా అవునన్నట్టు తలూపాను.

మంగళవారం ఆవిడ అదే మాట డచ్‌తో అంది. డచ్ పడీ పడీ నవ్వాడు. ఆవిడ మొహం ఎర్రబడితే చూద్దామని నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ నావైపు చూసింది.

"మా ఇంట్లో ఒక మూగ పండితుడున్నాడు డచ్. తప్పు ఆయనది. సాయంత్రం ఆయనకు పారాయణం ఉంది లెండి," అంది.

రెండు రోజులపాటు ఊరంతా అదే నవ్వు. నేను రొట్టెలు దించే ప్రతి చోటా "ఏం మూగ పండితా, బాగున్నావా?" అన్నారు. పాస్ట్రీ కొట్టులో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "మీరు లొరెట్టా వాళ్లాయన కదూ? అదృష్టవంతులు బాబూ," అంది. లాకవానా లెన్ అన్న పేరు ఆవిడకు తెలియనే తెలియదు. వ్యాను ఎక్కి తలుపు ఎంత గట్టిగా వేశానంటే, వెనక ట్రేలు కదిలి కిందపడ్డాయి.

అక్టోబరు మొదట్లో డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లాను.

"ఏదీ, మీ పేరు చెప్పండి," అన్నాడు.

"లెనార్డ్," అన్నాను.

గదిలో ఇంకెవరో పలికారనుకున్నాను. పాత గొంతు గంటలా ఉండేది. ఇది తలుపు సందులోంచి వచ్చే గాలిలా సన్నగా, బెరుకుగా ఉంది.

"పాతది రాదా?"

"ఇదే మీ గొంతు. బ్రహ్మాండంగా మానింది. వాడుతూ ఉండండి, అలవాటవుతుంది."

ఇంటికొచ్చేసరికి లొరెట్టా క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి పొయ్యి మీద పెడుతోంది. నన్ను చూడగానే చేతులు తుడుచుకుంది.

"ఏమన్నాడు?"

ఇంకో నెల ఆగాలట, అని రాశాను.

ఆవిడ మొహం వాడిపోయింది. "పోన్లే. తొందరేముంది," అని పొయ్యివైపు తిరిగింది.

ఎందుకు అబద్ధమాడావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక కారణం సిద్ధం చేసుకున్నాను: గొంతు కాస్త గట్టిపడ్డాక ఆవిణ్ని ఆశ్చర్యపరుద్దామని. అసలు కారణం అది కాదు. ఆ గొంతుతో డచ్‌కు ఫోను చేస్తే, ఆయన "ఆగాగు, లొరెట్టా లేదా?" అంటాడని భయం.

రెండు వారాల తర్వాత డచ్ తనే మా ఇంటికి ఫోను చేశాడు. లొరెట్టా నిలబడే వింది. "ఆహా" అంది. "శనివారమా" అంది. "మా ఆయన్నడిగి చెప్తా" అంది. ఫోను పెట్టి, టేబులు మీది మెతుకుల్ని వేలితో ఒక పక్కకు నెడుతూ చెప్పింది.

"శనివారం పది నుంచి పదకొండు. నన్ను కూర్చోమంటున్నారు. నాలుగు వారాలు చూస్తారట."

నేను పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాను.

"నువ్వు వద్దంటే వద్దని చెప్పేస్తా లెన్. నిజంగా."

నీ ఇష్టం, అని రాశాను.

"నీ ఇష్టం అంటే వెళ్లమనా, వద్దనా?"

ఆ మాట కింద గీత గీశాను. కాగితం చిరిగింది. ఆవిడ ఆ చిరుగు వంక చూసి, తర్వాత నా వంక చూసి, "అయితే వెళ్తా," అంది.

అక్టోబరు ఆఖరి శనివారం నార్బ్ బారు వెనక సందులో వ్యాను ఆపుకుని ఆవిడ మొదటి షో విన్నాను. బాగా లేకపోతే బావుండుననుకుంటూ విన్నాను. బాగుంది. ఎవరినీ కసర్లేదు, ఎవరి ఫోనూ కట్ చేయలేదు. చాలాసేపు గొణిగిన ఒకాయన్ని, "మీరు కోచ్ మీద కోపంగా లేరండీ, ఆదివారం మీ అబ్బాయి రాలేదని కోపంగా ఉన్నారు," అంది. ఆయన అవునని ఒప్పుకున్నాడు. ఈ ఊళ్లో ఏ షోలోనైనా ఎవడైనా ఎప్పుడైనా ఏదైనా ఒప్పుకున్నాడా? ఫోను తీశాను.

"పేరు?" అంది బెర్నడెట్.

"ఫ్రాంక్. టొనావాండా."

పందొమ్మిదేళ్లుగా నా ఫోన్లెత్తిన మనిషి గుర్తుపట్టలేదు. బాధేసింది. ధైర్యమూ వచ్చింది.

"టొనావాండా ఫ్రాంక్ గారూ, చెప్పండి," అంది నా భార్య.

"నీకు ఈ ఆట గురించి ఏం తెలుసమ్మా?" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేకపోయాను. "నువ్వు చెప్పేవన్నీ మీ ఆయనవి. పందొమ్మిదేళ్లు గొంతు అరగదీసుకుని ఆయన సంపాదించుకున్న చోటది. ఆయన నోరు పడిపోయిందని నువ్వెళ్లి కూర్చున్నావు. సిగ్గుగా లేదూ?"

రేడియోలో నాలుగు సెకన్లు ఎవరూ మాట్లాడకపోతే ఊరు మునిగిపోయినట్టుంటుంది. ఆవిడ ఊపిరి తీసుకోవడం వినపడింది. ఆవిడకు తెలిసిపోయింది. తెలిసిపోయిందని నాకూ తెలిసింది.

"ఫ్రాంక్ గారూ," అంది చివరికి. "మీ గొంతు బాగుందండీ."

నేను వ్యాను కిటికీ అద్దం పైకెత్తాను.

"మీరన్నదాంట్లో సగం నిజమే. మొదట్లో ఆయన రాసిందే చదివాను. మిగతా సగం సంగతి ఇంటికెళ్లి ఆయన్నే అడుగుతా. చల్లగాలికి తిరక్కండి. బెర్నడెట్, తర్వాత ఎవరున్నారు?"

మధ్యాహ్నం ఆవిడ ఇంటికొచ్చింది. కోటు తగిలించింది. ఒక్క కప్పు కాఫీ కలుపుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఎన్నాళ్లయింది?"

అలవాటుగా నా చెయ్యి కాగితాల మీదికి పోయింది.

"దాన్ని ముట్టుకోకు."

"మూడు వారాలు దాటింది," అన్నాను.

ఆవిడ కళ్లు మూసుకుని ఆ గొంతు వింది. నేను చెప్పింది కాదు, గొంతు.

"ఆపరేషను రోజున డాక్టరు నన్ను పక్కకు పిలిచి, గొంతు అసలు రాకపోవచ్చు కూడా అన్నాడు. నీకు చెప్పలేదు. రోజూ పిల్లలందర్నీ దింపేశాక బస్సులో కాసేపు కూర్చునేదాన్ని. గొంతు వస్తే మొదట ఏం మాట్లాడతాడా అనుకునేదాన్ని. చారులో ఉప్పెక్కువైందంటావేమో అనుకున్నా. దానికి కూడా సిద్ధపడే ఉన్నా లెన్."

"లొరెట్టా, నేను..."

"నువ్వు తిట్టినందుకు కాదు. తిట్టేవాళ్లు చాలామంది ఫోను చేస్తారు, బెర్నడెట్ ముందే చెప్పింది. మూడు వారాలుగా ఈ టేబులు దగ్గర నేనొక్కదాన్నే మాట్లాడుతున్నా. 'ఇవాళ నొప్పిగా ఉందా, రేపటికి తగ్గుతుందిలే' అంటున్నా. నువ్వు కూర్చుని వింటున్నావు."

జవాబు కోసం వెతికితే ఒక్కటే దొరికింది.

"ఓర్వలేకపోయాను," అన్నాను.

"తెలుసు. నేలకు తగిలిన బంతి దగ్గరే తెలుసు." కాఫీ తాగకుండానే లేచి సింకులో పోసేసింది.

ఆ వారమంతా ఇంట్లో మాట్లాడకుండా ఉన్నది ఆవిడ. వడ్డించేది, బట్టలు మడతపెట్టేది, అడిగినదానికి తలూపేది. నేను మాత్రం ఆ సన్నటి గొంతుతో వాతావరణం గురించీ, పక్కింటివాళ్ల కుక్క గురించీ, కనపడిన ప్రతిదాని గురించీ మాట్లాడాను. మంగళవారం నాలుగు గంటలకు ఫోను టేబులు మీద మా ఇద్దరి మధ్యా ఉంది. ఇద్దరం ముట్టుకోలేదు. ఆ సాయంత్రం డచ్, "ఇవాళ లొరెట్టా ఏమైంది?" అని రెండుసార్లు అడిగాడు. నన్నెవరూ అడగలేదు. అంత జరిగాక కూడా నా కడుపులో ఆ మంట కాస్త రగిలిందని చెప్పకపోతే ఇదంతా చెప్పి లాభం లేదు.

శనివారం తెల్లారేసరికి ఊరి పక్కనున్న సరస్సు మీంచి మంచు విరుచుకుపడింది. ఆవిడ కారు కిటికీల దాకా కూరుకుపోయింది. వీధి వంక చూసి, చేతి తొడుగులు వేసుకుంటూ నాతో ఆ వారంలో మొదటి మాట అంది.

"వ్యాన్లో దింపు."

స్టేషను ముందు దింపి, అక్కడే పార్కింగులో ఇంజను ఆపకుండా కూర్చున్నాను. రేడియోలో ఆవిడ, ఆఖరిదైన నాలుగో ప్రయత్నంలో ముందుకు ఉరకాలా, బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకు వదిలేయాలా అన్న చర్చ ఎత్తుకుంది. తన్నేయడమే మేలంది. ఒట్టి పొరపాటు. ఎవరూ అడ్డు చెప్పడం లేదు. ఫోను తీశాను.

"పేరు?"

"లెన్. లాకవానా."

"ఆయన గొంతు ఇలా ఉండదే," అంది బెర్నడెట్.

"ఇప్పుడిలాగే ఉంది."

"లైన్లో ఉండండి."

ఉన్నాను. నా ముందు ఆరుగురు మాట్లాడారు. నా తర్వాత చేసినవాళ్లు కూడా మాట్లాడారనిపించింది. అద్దం మీద మంచు పేరుకుంటుంటే వైపరు వేస్తూ, ఎవరైనా నా పేరు పిలుస్తారేమోనని గొంతు సవరించుకుంటూ నలభై నిమిషాలున్నాను. పదకొండయింది. "టైం అయిపోయింది లెన్, ఏమనుకోకండి," అని బెర్నడెట్ పెట్టేసింది.

లొరెట్టా బయటికొచ్చి, టోపీ మీది మంచు దులుపుకుని, వ్యానెక్కింది. రొట్టెల వాసనకు ముక్కు ఎగబీల్చింది.

"ఎలా ఉంది?" అంది.

"నాలుగో ప్రయత్నం గురించి నువ్వన్నది పూర్తిగా తప్పు."

"అయితే ఫోను చేసి చెప్పాల్సింది."

"చేశాను. నలభై నిమిషాలు లైన్లో ఉంచి బెర్నడెట్ కలపలేదు."

ఆవిడ తొడుగులు తీసి, వేడిగాలి వచ్చే చోట చేతులు పెట్టింది.

"నేనే కలపొద్దన్నాను."

వైపరు వేశాను. మంచు తోడే బండి ఒకటి మా ముందు నుంచి నింపాదిగా వెళ్లింది.

"ఎన్నాళ్లు?" అన్నాను.

"తెలీదు," అంది లొరెట్టా. వేళ్లు ఒక్కొక్కటే చాపి, మడిచి, మళ్లీ చాపింది. "నువ్వు మాత్రం చేస్తూ ఉండు."